14416: ఇంటిల్లిపాది బరువూ మోసేవాళ్లకి టెలీ మానస్ ఎంతవరకు పనికొస్తుంది?

తాగే తమ్ముడి అప్పులు తీర్చే అప్ప, బావమరిది చీటీకి పూచీ పడ్డ బావ, గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి వెళ్లిన తమ్ముడి సంసారం కూడా ఈడ్చే అన్న... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటివాళ్లు లేని వీధి లేదు. తమకేం జబ్బు లేదు కదా అని వాళ్లు ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లరు. వాళ్లకి పనికొచ్చే సేవల్లో మేము ముందు చెప్పేది టెలీ మానస్, అంటే మనసుకి సంబంధించిన కష్టాలకి ఫోన్లో సాయం చేసే సర్కారు హెల్ప్‌లైన్.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవకి బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ పెద్దదిక్కు. నంబరు 14416, అది కలవకపోతే 1800-891-4416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైనున్న నిపుణులకి కలుపుతారు. కష్టంలో ఉన్నవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు.

ఫలితం మాత్రం మీరు అడిగే ప్రశ్నని బట్టే ఉంటుంది. "మావాడి చేత మందు మాన్పించండి" అంటే కౌన్సెలర్ చేయగలిగింది తక్కువ, ఎందుకంటే ఫోన్లో ఉన్నది వాడు కాదు. "వాడు డబ్బడిగితే నేనేం చెప్పాలి? ఇవ్వనంటే ఇంట్లో గొడవవుతుంది, అప్పుడేం చేయాలి?" అని అడగండి, మాట దారిలో పడుతుంది. ఫోన్ చేసేముందు కాగితం మీద గత నెలలో వాడి తరఫున మీరు చేసినవన్నీ రాసుకోండి: ఇచ్చిన డబ్బు, కట్టిన వడ్డీ, ఒంట్లో బాగోలేదని మేస్త్రీకి చెప్పిన అబద్ధం, అన్నీ. అందులో వాడే చేసుకోగలిగింది ఒక్కటి ఎంచుకుని దాని గురించే మాట్లాడండి. అన్నీ ఒకేసారి మానేద్దామనుకున్నవాళ్లు వారంలో మళ్లీ మొదటికొస్తారు.

ఆ ఒక్కటీ ఎలా చెప్పాలో కౌన్సెలర్‌తో ముందే ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకోండి. "నువ్వు తాగకూడదు" అన్నది వాడి చేతిలో ఉన్న పని, మీరు అమలు చేయలేరు. మీ చేతిలో ఉన్నదే చెప్పాలి: "తమ్ముడూ, ఆస్పత్రికి ఎప్పుడు రమ్మన్నా వస్తాను. డబ్బులు మాత్రం చేతికివ్వను." తాగి ఉన్నప్పుడు కాదు, పొద్దున్న, నిదానంగా, ఒక్కసారే. కారణాలు ఏకరువు పెట్టకండి, ఒక్కో కారణానికీ వాడి దగ్గరో సమాధానం ఉంటుంది.

మొదట్లో గొడవ పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పట్టు పనిచేయకపోయేసరికి వాడు ఇంకా గట్టిగా లాగుతాడు. నాలుగోరోజు మీరు లొంగితే, నాలుగు రోజులు అరిస్తే డబ్బు వస్తుందని వాడికి నేర్పినట్టే. మన ఇళ్లలో అసలు కన్నం ఇంకోచోట పడుతుంది: అప్ప ఆపేస్తుంది, అమ్మ ఒకటో తారీఖున అందుకున్న 4,000 పింఛనులోంచి చాటుగా ఇస్తుంది. అందుకే ముందు మాట్లాడాల్సింది అమ్మతో. ఆవిడనీ ఫోన్లో కూర్చోబెట్టండి, స్పీకర్ పెట్టి.

ఒక విషయంలో తొందర అస్సలు వద్దు. రోజూ బాగా తాగేవాడిని గదిలో పెట్టి తలుపేసి ఒక్కసారిగా మాన్పించకూడదు. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెదిరి, వణుకుతూ, లేనివి కనబడుతున్నాయనే స్థితి వస్తే ప్రాణానికే ముప్పు. ఆ మానుకోవడం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. డబ్బు ఆపడం వేరు, మందు లాక్కోవడం వేరు, రెండూ కలపకండి.

"చచ్చిపోతాను" అంటే బెదిరింపులే అని కొట్టిపారేయకండి, అలాగని డబ్బు తీసి చేతిలోనూ పెట్టకండి. ఒంటరిగా వదలకుండా ఇంట్లో పురుగుమందు, తాళ్లు, ఎక్కువ మాత్రలు తీసేసి, అప్పటికప్పుడు 14416కి చేయండి. ఏమైనా మింగేసి ఉంటే 108. చెయ్యి చేసుకుంటే 112, ఆడవాళ్లకి 181 కూడా ఉంది. ఫోన్లో మాట్లాడే కౌన్సెలర్ మీ గుమ్మంలోకి రాలేరు, అది ఈ సేవకున్న హద్దు.

డబ్బు చిక్కులు ఈ నంబరు పని కాదు. అక్కడ మీ సంతకమే మీ హద్దు. ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం చేసినంత మాత్రాన బాకీ మీ మీద పడదు. హామీ సంతకం అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు రాసుకోకపోతే, అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో పూచీదారుకీ అంతే. బాకీవాడిని అడగకుండా ముందు మిమ్మల్నే పట్టుకోవచ్చు. "మా బావ ఏం పట్టికెళ్లినా నాది పూచీ" అని కిరాణా కొట్లో చెప్పి ఉంటే, 130వ సెక్షన్ కింద ఇకముందు ఇచ్చే సరుకుల వరకు ఆ పూచీ వెనక్కి తీసుకోవచ్చు, పాత ఖాతా మాత్రం పోదు. కొట్టువాడికి రాసిచ్చి, చేరినట్టు సంతకం తీసుకోండి. ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు.

మా తీర్పు ఇది: హద్దు పెట్టడం నేర్చుకోవడానికి ఇంత దగ్గరలో, ఉచితంగా, పేరు బయటపడకుండా దొరికే సాయం ఇంకోటి లేదు. ఒక్క ఫోన్‌తో అయ్యే పని కాదు, రెండు వారాలకోసారైనా చేస్తుండాలి. ఫోన్ చాలని పరిస్థితిలో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మానసిక విభాగం ఉంది, విజయనగరం వైపువాళ్లకి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలా ఉంది. వాడు రానంటే మీరొక్కరే వెళ్లండి. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, అన్నం సయించకపోవడం మీకు ఉన్నవే కదా, ఓపీ చీటీ మీ పేరు మీదే రాయించుకోండి.