ఆఫీసుకీ ట్రాక్‌కీ ఒకే ప్యాడ్: ఫెరోడో డీఎస్2500 రివ్యూ

ముందు చక్రాలకు ఫెరోడో డీఎస్2500 బ్రేక్ ప్యాడ్లు వేసుకుని చాలాకాలంగా నడుపుతున్నాను. వారమంతా ఆఫీసుకు వాడే కారునే అప్పుడప్పుడు ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, తీసుకెళ్లేవాళ్ల కోసం ఈ రివ్యూ. ట్రాక్ కోసం వేరే కారు పెట్టుకున్నవాళ్లకి ఇందులో పనికొచ్చేది తక్కువ. నా కారు, నాతో కలిపి, 1200 కిలోల దాకా తూగే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు వెంటిలేటెడ్ డిస్కులు, ఒక్క పిస్టన్ ఉన్న స్లైడింగ్ కాలిపర్లు (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగాలు). పెద్ద బ్రేక్ కిట్ లాంటివేమీ లేవు, కంపెనీ ఇచ్చిన బ్రేకులే.

మొదట ఒక అపోహ పక్కన పెడదాం. మంచి ప్యాడ్ వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది కొంటారు. రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా తొక్కే బ్రేక్ విషయంలో ఇది దాదాపు అబద్ధం. కంపెనీ ప్యాడ్‌తోనే పాదం గట్టిగా వేస్తే, చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ కొట్టుకోవడం మొదలవుతుంది కదా? అంటే బ్రేక్ దగ్గర ఇంకా శక్తి ఉంది, టైరు దగ్గరే పట్టు అయిపోయింది. దూరం తగ్గాలంటే ఆ డబ్బు టైర్ల మీద పెట్టాలి. ఖరీదైన ప్యాడ్‌లో మనం కొనుక్కునేది వేరే గుణం: మొదటి బ్రేక్‌కి ఎంత పట్టిందో, పదో ల్యాప్‌లో డిస్క్ మండిపోతున్నప్పుడూ అంతే పట్టడం.

ఎందుకు మండిపోతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 1200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 1.67 లక్షల జూల్స్. అదే కారు ట్రాక్ మీద 180 నుంచి 80కి దిగితే, ఆగకపోయినా, 12 లక్షల జూల్స్. ఏడు రెట్లు. కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజిన్ తీసుకుంటుంది, మిగతా అంతా డిస్కుల నెత్తిన, అందులోనూ ముందు డిస్కుల నెత్తినే ఎక్కువ పడుతుంది. పైగా సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి డిస్క్ చల్లారే టైమ్ ఉంటుంది. ట్రాక్ మీద ఆ వేడి దిగకముందే ఇంకో కార్నర్ వచ్చేస్తుంది.

కాబట్టి ప్యాడ్ ఎంచుకునే ముందు మన డిస్క్ ఎంత వేడెక్కుతోందో తెలియాలి. దానికి థర్మల్ పెయింట్ అని దొరుకుతుంది. డిస్క్ అంచుకి మూడు రంగుల చుక్కలు పెట్టి ల్యాప్‌లు కొట్టి రావడమే. మామూలుగా దొరికే సెట్‌లో ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, ఆరెంజ్ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. నా కారులో ఆకుపచ్చ పూర్తిగా మారిపోయింది, ఆరెంజ్ చెక్కుచెదరలేదు. అంటే 430కీ 560కీ మధ్య ఎక్కడో ఉన్నాను. ఇంత చిన్న పనిని జనం ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. ఫోరమ్‌లో ఎవరో చెప్పారని 800 డిగ్రీల రేస్ ప్యాడ్ కొనేస్తారు, వాళ్ల కారు ఎప్పుడూ 400 దాటదు. ఆ రేస్ ప్యాడ్ చల్లగా ఉన్నంతసేపూ డిస్క్‌ను గీకుతూ ఉంటుంది, పొద్దున్నే వీధి చివర మొదటి బ్రేక్‌కి సరిగ్గా పట్టదు. రోడ్డు మీదికి ఎవరైనా అడ్డం వస్తే, వాళ్లని డిస్క్ వేడెక్కేదాకా ఆగమని అడగలేం కదా.

డీఎస్2500కి ముందు వేరే కంపెనీది వాడాను, పేరు అనవసరం. డబ్బా మీద స్ట్రీట్ అండ్ ట్రాక్ అని పెద్దక్షరాలు. రోడ్డు మీద దానికి వంక పెట్టలేం: కూత లేదు, దుమ్ము లేదు, చలిలోనూ పట్టు బాగుంది. ట్రాక్ మీద కొన్ని ల్యాప్‌లు కొట్టేసరికి పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం తగ్గడం లేదు. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది, వేడికి దాని ఘర్షణ పడిపోయింది. పెడల్ స్పాంజిని తొక్కినట్టు లోపలికి దిగిపోతే తప్పు బ్రేక్ ఫ్లూయిడ్‌ది, కాలిపర్‌లో అది మరిగి ఆవిరి బుడగలు చేరాయి. రెండింటికీ ఫేడ్ అనే ఒకే పేరు వాడేస్తాం గానీ మందు వేరు. ఫ్లూయిడ్ మరుగుతున్నవాళ్లు ప్యాడ్ మార్చినా ఉపయోగం లేదు.

ప్యాడ్ అంచు మీద ఎఫ్ఎఫ్, జీజీ అని ముద్రించి ఉండే రెండు అక్షరాలను చూసి కొనేవాళ్లూ ఉన్నారు. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ అక్షరాలిచ్చే పరీక్షలో ఒక అంగుళం చదరపు ముక్కను డ్రమ్ముకి ఆనించి రుద్దుతారు, 'ఎక్కువ వేడి' అన్నది 343 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నా పెయింట్ చెప్పిన దానికి ఇది చాలా కింద. ఐరోపా ఆర్90 ముద్ర కూడా అంతే. కంపెనీ ప్యాడ్‌తో పోలిస్తే పనితీరు 15 శాతం అటూ ఇటూ లోపల ఉందని చెబుతుంది. రోడ్డుకి అది మంచి భరోసా, ట్రాక్ గురించి మాత్రం ఏమీ చెప్పదు.

ఇక డీఎస్2500. ఫెరోడో చెప్పే సగటు ఘర్షణ గుణకం 0.42. గమనించారా, ఇది ఎఫ్‌లోనే పడుతుంది, మామూలు ప్యాడ్లు బోలెడన్ని ఉండే చోటే. దీని గొప్ప ఆ అంకెలో లేదు, దాన్ని 500 డిగ్రీల దాకా పెద్దగా జారిపోకుండా నిలబెట్టడంలో ఉంది. నడిపితే అదే తెలుస్తుంది. మొదటి ల్యాప్‌లో ట్రాక్ పక్కనున్న ఏ బోర్డు దగ్గర బ్రేక్ తొక్కానో, సెషన్ చివరలోనూ అక్కడే తొక్కుతున్నాను. పాదం ఎంత వేస్తే అంత పడుతుంది, వదిలితే వెంటనే వదులుతుంది. కార్నర్‌లోకి తిరుగుతూ కొద్దికొద్దిగా బ్రేక్ వదలాల్సిన చోట ఈ వదిలే గుణం నాకు పట్టు కంటే ఎక్కువ నచ్చింది. కొన్ని ప్యాడ్లు పాదం ఎత్తాక కూడా ఒక క్షణం పట్టుకునే ఉంటాయి, అప్పుడు కారు ముక్కు ఎటు పోతుందో తెలియని టెన్షన్.

చల్లగా ఉన్నప్పుడు? కంపెనీ ప్యాడ్ ఇచ్చే ఆ చటుక్కున పట్టే గుణం ఇందులో కొంచెం తక్కువ. ఒకటి రెండు బ్రేకుల దాకా పాదం కాస్త గట్టిగా వేయాలి, తర్వాత మామూలే. భయపడేంత తేడా కాదు. ఇంట్లో వేరేవాళ్లు కూడా అదే కారు నడుపుతుంటే మాత్రం ముందే చెప్పి, ఖాళీ చోట రెండుసార్లు తొక్కి చూడమనండి.

ఇక భరించాల్సినవి. మొదటిది కూత. వేడికి తట్టుకునేలా చేసిన గట్టి ప్యాడ్లు చాలావరకు నెమ్మదిగా ఆగేటప్పుడు అరుస్తాయి, వాటిలో కంపనాన్ని మింగే మెత్తదనం తక్కువ. ఇదీ అదే జాతి. షిమ్‌లు (ప్యాడ్ వెనక పెట్టే పలచని రేకులు) వేసి, ప్యాడ్ వెనక పలకకు కాపర్ గ్రీజు కాకుండా బ్రేకుల కోసమే చేసిన గ్రీజు పలచగా రాస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పార్కింగ్‌లోకి వస్తుంటే వాచ్‌మన్ తల ఎత్తి చూస్తాడు, నాకు అలవాటైపోయింది. రెండోది దుమ్ము. ఇనుప రజను ఉన్న దుమ్ము కాబట్టి తడిస్తే చక్రాల మీద తుప్పు చుక్కలు పడతాయి. ట్రాక్ నుంచి వచ్చిన రోజే కడిగేయాలి, మర్నాటికి వాయిదా వేస్తే గోకాల్సి వస్తుంది.

బెడ్డింగ్ గురించి, అంటే కొత్త ప్యాడ్‌ను డిస్క్‌కి అలవాటు చేయడం గురించి, కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మంచి ప్యాడ్ కొని ఇక్కడే పాడు చేస్తారు. ప్యాడ్ పదార్థం పలచని పొరగా డిస్క్ మీదికి చేరాలి, ఆ పొర మీదే ప్యాడ్ పట్టు నిలుస్తుంది. ఖాళీ రోడ్డు చూసుకుని వంద నుంచి ముప్పైకి, పూర్తిగా ఆగకుండా, వరసగా తగ్గిస్తూ రావాలి. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఒక దశలో ఘాటైన వాసన వస్తుంది. కొత్త ప్యాడ్‌లోని జిగురు మొదటిసారి కాలి వాయువు వదులుతోంది, అప్పుడు పట్టు కాస్త తగ్గినా కంగారు పడొద్దు. ఆ తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చాలి. వేడి మీద పూర్తిగా ఆగి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ అచ్చు డిస్క్ మీద ఒక్కచోట పడిపోతుంది. తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది, గ్యారేజీలో 'అన్నా, డిస్క్ బెండయింది' అంటారు. చాలాసార్లు డిస్క్ వంగి ఉండదు, పొర ఎగుడుదిగుడుగా పడి ఉంటుంది. ట్రాక్ నుంచి పిట్‌కి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో వదిలేయమనేది కూడా ఇందుకే.

ఫ్లూయిడ్ మార్చకుండా ఈ ప్యాడ్ వేయొద్దు. ఫ్లూయిడ్ రకాల్లో డాట్ 4కి ప్రమాణం అడిగే కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155. డాట్ 5.1కి అవే 260, 180. ప్యాడ్ ఎక్కువ వేడిలో పనిచేస్తుంటే మనమూ ఎక్కువసేపు గట్టిగా నడుపుతాం, ఆ వేడి పిస్టన్ గుండా ఫ్లూయిడ్‌కే చేరుతుంది. నేను మరుగు స్థానం 300 డిగ్రీలు దాటిన రేసింగ్ ఫ్లూయిడ్ పోయించి, ప్రతి ట్రాక్ డేకి ముందు బ్లీడ్ చేయిస్తాను, అంటే బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలిని తీయిస్తాను. సిలికాన్‌తో చేసిన డాట్ 5 వేరే జాతి, 5.1 అనుకుని దాన్ని పోయకండి.

వెనక చక్రాలకు కంపెనీ ప్యాడ్లే ఉంచాను. ముందు ఘర్షణ మరీ పెంచితే ముందు టైర్లు తొందరగా జారి, వెనక బ్రేకులు తమ వాటా పని చేయకుండా మిగిలిపోతాయి. ఈ ప్యాడ్‌కి ఘర్షణ విపరీతం కాదు కాబట్టి నా కారులో ఆ ఇబ్బంది కనిపించలేదు. జీ దాటిన రేస్ ప్యాడ్ ముందు మాత్రమే వేస్తామంటే ఇంకోసారి ఆలోచించండి.

నా పెయింట్ లెక్క ప్రకారం నేను ఈ ప్యాడ్ సరిహద్దు పక్కనే ఉన్నాను. ఆరెంజ్ చుక్క కూడా మారేవాళ్లకి, అంటే బరువైన కారు లేదా స్లిక్ టైర్లు (గాడులు లేని రేస్ టైర్లు) ఉన్నవాళ్లకి, ఇది చాలదు. వాళ్లు ట్రాక్‌కి అసలైన రేస్ ప్యాడ్లు, రోడ్డుకి కంపెనీవి విడిగా పెట్టుకోవాలి. రెండు రకాల పొరలు ఒకే డిస్క్ మీద కలిస్తే పొసగవు, కాబట్టి మార్చినప్పుడల్లా మళ్లీ బెడ్డింగ్ తప్పదు, లేదా డిస్కులు కూడా జతగా మార్చుకోవాలి.

నేను చేస్తున్నది ఇంకాస్త సులువు. ప్యాడ్ పలచబడేకొద్దీ వేడి కాలిపర్‌కి త్వరగా చేరుతుంది, అందుకని సగం అరిగినవి ట్రాక్‌కి వాడను. వాటిని రోడ్డుకి ఉంచుకుని, ట్రాక్ డేకి కొత్త సెట్ ఎక్కిస్తాను. రెండూ డీఎస్2500లే కాబట్టి డిస్క్ మీది పొర చెడదు. విప్పేటప్పుడు ఏది ఎడమది, ఏది కుడిది, ఏది పిస్టన్ వైపుదో వెనక పలక మీద మార్కర్‌తో రాసుకోండి. స్లైడింగ్ కాలిపర్‌లో లోపలి ప్యాడ్ తరచూ ముందు అరుగుతుంది, లోపలికీ బయటికీ తేడా ఎక్కువగా కనిపిస్తే కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడండి.