నాలుగడుగుల పగడాల ట్యాంకుకు హెర్బీ పైపులైను: ఐదేళ్లు వాడాక

ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందు లైట్ల గురించి అడుగుతారు, తర్వాత పంపు గురించి. పైపుల సంగతి ప్లంబర్ వచ్చాక చూద్దాంలే అనుకుంటారు. హైదరాబాద్‌లో మా హాల్లో ఐదేళ్లకు పైగా నడుస్తున్న ట్యాంకును బట్టి నేను చెప్పేది వేరు. డబ్బూ బుర్రా నీళ్లు కిందికి దిగే దారి మీద పెట్టండి. పైకి ఎక్కించే పంపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అద్దానికి వేసిన రంధ్రాన్ని మార్చలేం.

ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, వెడల్పూ ఎత్తూ 60 చొప్పున. కింద స్టాండులో సంప్, అంటే ట్యాంకు నీళ్లు దిగే రెండో తొట్టి. అక్కడి పంపు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. గట్టి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. జోయాంథిడ్లు, లెదర్ కోరల్ లాంటి మెత్తని రకాలే ఉన్నాయి.

నేను వేయించింది హెర్బీ పద్ధతి. ఓవర్‌ఫ్లో పెట్టెలోంచి, అంటే ట్యాంకు పైమట్టం నీళ్లు పొర్లి పడే అరలోంచి, రెండు పైపులు దిగుతాయి. ఒకటి ఎప్పుడూ నిండుగా నీళ్లతో పారుతుంది, దానికి కింద ఒక గేట్ వాల్వు. రెండోది కాస్త ఎత్తులో నోరు తెరుచుకుని ఖాళీగా ఉంటుంది. మొదటి దాంట్లో నత్తో నాచో అడ్డుపడితే నీళ్లు హాల్లోకి రాకుండా ఇది అందుకుంటుంది. మొదటి పైపులోకి గాలి దూరదు కాబట్టి గుడగుడ శబ్దం ఉండదు. ఒకే పైపుండే డర్సో పద్ధతిలో గాలీ నీళ్లూ కలిసి దిగుతాయి, ఆ చప్పుడు రాత్రిపూట పడగ్గదిలోకీ వినిపిస్తుంది. మా ఇంట్లో టీవీ కట్టేశాక కూడా ట్యాంకు ఉన్నట్టే తెలియదు. హెర్బీకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

అయితే ఆ నిశ్శబ్దమంతా వాల్వు చేతిలో ఉంది. బాల్ వాల్వు కాస్త కదిలిస్తే చాలు, ప్రవాహం ఎంతో మారిపోతుంది. గేట్ వాల్వు చుట్లు చుట్లుగా తిరుగుతుంది కాబట్టి నీటిమట్టాన్ని అనుకున్న చోట నిలబెట్టవచ్చు. కొట్లో గేట్ వాల్వు అడిగితే ఇత్తడిది చేతిలో పెడతారు. వద్దు. ఇత్తడిలో రాగి ఉంటుంది, కొంచెం రాగి నీళ్లలో కలిసినా రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. పూర్తి ప్లాస్టిక్ వాల్వును నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. లోపల ఇత్తడి మరలుండే ఎల్బోలూ అంతే, ప్లంబర్ ‘ఇది స్ట్రాంగ్ సార్’ అన్నా ఒప్పుకోకండి.

ప్లంబర్ పక్కన నిలబడి చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. అద్దం రంధ్రంలో పైపును పట్టి ఉంచే ట్యాంకు నిపుల్ వాషరు నీళ్లున్న వైపే, అంచు కింద ఉండాలి. చేత్తో బిగించి ఆపై పావు చుట్టు చాలు, పానాతో బలం చూపిస్తే అద్దం పగులుతుంది. రెండోది, యూపీవీసీ, సీపీవీసీ రెంటికీ ‘ఒక అంగుళం’ అనే అంటారు కానీ బయటి కొలతలు వేరు, ఒకదాని సామాను ఇంకోదానికి ఎక్కదు. మొత్తం యూపీవీసీలోనే పోవడం మేలు.

ఇక కరెంటు పోయినప్పుడు. పంపు ఆగగానే పైకెళ్లే పైపులోంచి నీళ్లు వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. మా ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 7.2 లీటర్లు. పంపు నీళ్లు ట్యాంకులో పడే మూతి నీటిమట్టానికి 5 సెంటీమీటర్ల లోతున ఉంటే, అది బయటపడేలోపు 36 లీటర్లు కిందికొస్తాయి, ఓవర్‌ఫ్లో పెట్టెలోవి అదనం. మూతిని 2 సెంటీమీటర్ల దగ్గర ఉంచితే ఆ 36 కాస్తా 14 దగ్గర ఆగుతుంది. నాన్‌రిటర్న్ వాల్వు పెడితే సరిపోదా అంటారు. దాని రెక్క మీద సున్నం పేరుకుని, చిన్న నత్త ఇరుక్కుని ఏదో ఒక రోజు పూర్తిగా మూసుకోదు. సంప్‌లో ఎప్పుడూ అంత ఖాళీ ఉంచడమే నమ్మకమైన మార్గం.

కరెంటు తిరిగొచ్చాక పైపులో చిక్కుకున్న గాలి బయటికి పోవాలి. దానికి నిండు పైపు చివర సంప్ నీళ్లలో రెండు సెంటీమీటర్లు మునిగితే చాలు. లోతుగా ముంచితే గాలి పోలేక నీళ్లు రెండో పైపులోంచి హోరుమని దిగుతాయి. సరిగ్గా ఉంటే ఒకటి రెండు నిమిషాలు బుడగల గోల, తర్వాత అంతా సద్దుమణుగుతుంది. ఇన్వర్టర్ మీద నేను ఉంచింది ట్యాంకులోనే ఉండి నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ను మాత్రమే. కరెంటు లేనప్పుడు చేపలకు కావాల్సింది నీటి కదలిక, దానితో వచ్చే ఆక్సిజన్. సంప్ కాసేపు ఆగినా ఏమీ కాదు.

పంపు గురించి క్లుప్తంగా. సంప్ గుండా గంటకు ట్యాంకు నీటికి మూడు నుంచి ఐదు రెట్లు తిరిగితే చాలు, పగడాలకు కావాల్సిన అసలు ప్రవాహం వేవ్‌మేకర్ ఇస్తుంది. డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటివి. మీటరున్నర పైకి తోసి, నాలుగు ఎల్బోలు తిరిగేసరికి బాగా పడిపోతాయి. 90 డిగ్రీల ఎల్బో బదులు 45వి రెండు వేస్తే కొంత నయం. వేగం తగ్గించుకునే డీసీ పంపు తీసుకోండి. పంపు దగ్గర జానెడు సిలికాన్ గొట్టం పెట్టండి, లేదంటే దాని వణుకంతా గట్టి పైపు ద్వారా స్టాండుకు పాకుతుంది.

పంపుకు రెండు వైపులా కాకపోయినా పైన ఒక యూనియన్ (చేత్తో విప్పగలిగే పైపు జాయింటు) మాత్రం తప్పనిసరి. మూడు నాలుగు నెలలకోసారి దాన్ని విప్పితే ఒక మగ్గు నీళ్లు కారతాయి, పంపు చేతికొస్తుంది. లోపల నీళ్లను తోసే చక్రం, ఇంపెల్లర్ మీద తెల్లటి సున్నపు పెచ్చు కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మఉప్పు కలిపి అందులో వేస్తే చిన్న చిన్న బుడగలు లేస్తూ కరిగిపోతుంది. కడిగి బిగించేస్తే అరగంట పని. యూనియన్ లేకపోతే అదే పనికి పైపు కోయాలి.

నచ్చనివీ ఉన్నాయి. నిండు పైపులో జిగట పొర పేరుకున్న కొద్దీ మట్టం పెరుగుతుంది, వాల్వును కొద్దిగా తిప్పుతూ ఉండాలి. సంప్ అంచుల్లో ఉప్పు తెల్లగా పాకుతుంది, తుడవక తప్పదు. వాల్వును అంగుళం అంగుళం సరిచేసే ఓపిక లేనివాళ్లు మూడు పైపుల బీన్ ఆనిమల్ చూడండి. దాంట్లో రెండో పైపులో సన్నగా నీళ్లు పారుతూ మట్టాన్ని అదే సర్దుకుంటుంది, మూడోది అత్యవసరానికి. ఒక రంధ్రం, కొంచెం చోటు ఎక్కువ పడతాయి అంతే. రెండడుగుల లోపు ట్యాంకులకు మాత్రం ఈ హంగామా దండగ. వెనక తగిలించే ఫిల్టరు, చిన్న వేవ్‌మేకర్ పెట్టి మిగిలిన డబ్బుతో ట్యాంకు నీళ్లలో కలిపే మంచి ఉప్పు కొనుక్కోండి.