తులనాత్మక సాహిత్యమా, తత్వశాస్త్రమా?

పర్లాకిమిడి, బరంపురం వైపు మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా రాస్తారు. వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదివే తులనాత్మక సాహిత్యానికి ఆ రెండో భాషే పెట్టుబడి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూనే అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. అలాంటి ఊళ్లో పుట్టి ఒక్క భాషతో సరిపెట్టుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఖర్చు: సాహిత్యానికి హైదరాబాదో, 1956 నుంచి ఆ శాఖ నడుస్తున్న కోల్‌కతా జాదవ్‌పూరో వెళ్లాలి. తత్వశాస్త్రం భువనేశ్వర్‌లోనో విశాఖలోనో దొరుకుతుంది.

శ్రమ: సాహిత్యంలో చదవాల్సిన పేజీలు ఎక్కువ. తత్వశాస్త్రంలో ఒక్క పేరాకే గంట పడుతుంది.

రిస్క్: కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకు రాసే నెట్ పరీక్ష రెండింటికీ ఉంది. సివిల్స్‌లో మాత్రం తత్వశాస్త్రమే ఆప్షనల్, 500 మార్కులు.

ఉద్యోగం టెన్షన్ ఉంటే తత్వశాస్త్రం తీసుకోండి. అమ్మమ్మ సామెత వినగానే దాని ఒడియా జోడీ గుర్తొచ్చేవాళ్లు, దూరమైనా సాహిత్యానికే వెళ్లండి.