వాకిట్లో వెలుగుకు ఏది మేలు: కరెంటు లైట్లా, సోలారా, 24 వోల్టులా?

సామర్లకోట దగ్గర మా ఊళ్ళో నాన్న కట్టిన ఇల్లు రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. గేటు నుంచి అరుగు దాకా పాతిక మీటర్ల బాట. ఒక పక్క మామిడి చెట్టు, ఇంకో పక్క మల్లె పందిరి, ఇంటి ముందు తులసికోట, దాని పక్కనే సిమెంటు తొట్టిలో తామరలు. ఒక కార్తీకమాసంలో అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు గేటు ముందు ముగ్గు వేద్దామని నడుస్తుంటే, కాళ్ళకు రెండడుగుల ముందు కట్లపాము బాట దాటింది. చేతిలో సెల్‌ఫోను లైటు ఉండబట్టి ఆగింది. ఆ రోజు నుంచి బయటి లైట్లు నాకు అలంకారం విషయం కాదు.

లైటు పెడితే పాములు రావని ఎవరైనా అంటే నమ్మకండి. వచ్చినప్పుడు మనకు కనబడుతుంది, అంతే. ఆ కనబడటం కోసమే మేం మూడు రకాల ఏర్పాట్లూ చేసి చూశాం. వాటిలో ఏది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ దెబ్బతిన్నదో చెబుతాను. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకీ, వాకిలి బాగు చేయించుకుంటున్నవాళ్ళకీ పనికొస్తుంది.

మొదట చేసింది అందరూ చేసేదే. డాబా పిట్టగోడ మీద 50 వాట్ల తెల్ల ఫ్లడ్ లైట్లు రెండు, బాట వెంట ఇనప స్తంభాల మీద మామూలు 230 వోల్టుల లైట్లు. వెలుతురు బోలెడంత వచ్చింది. కానీ గేటు తీసుకుని లోపలికి వచ్చే మనిషికి ఆ ఫ్లడ్ లైటు సరిగ్గా కళ్ళలో కొట్టేది. వెనక్కి తిరిగి గేటు వైపు నడిస్తే మన నీడే మన ముందు పడేది, అడుగు ఎక్కడ వేస్తున్నామో తెలిసేది కాదు. అరవై దాటిన కళ్ళకు ఇది మరీ కష్టం. ఒకసారి కళ్ళు చెదిరితే మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి వాళ్ళకు ఎక్కువసేపు పడుతుంది. ఎత్తు నుంచి పడే ఎక్కువ వెలుతురు కన్నా మోకాలి ఎత్తున కిందికి తిరిగిన కొద్దిపాటి వెలుతురు బాటకు మేలు. ఒక్కో లైటుకు 100 నుంచి 200 ల్యూమెన్లు (వెలుతురు కొలత) చాలు. అంటే రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ. దీన్ని రెండు రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున పెడితే పాతిక మీటర్లకు పదీ పదకొండు సరిపోతాయి.

ఖర్చు లెక్క కూడా చూడండి. 50 వాట్ల ఫ్లడ్ లైటు ఒక్కటి 12 గంటలు వెలిగితే రోజుకు 0.6 యూనిట్లు, నెలకు 18. బాట లైటు ఒక్కోటి కాస్త ఎక్కువే, నాలుగు వాట్లనుకున్నా పది కలిపి 40 వాట్లు, రోజుకు ఆరు గంటలు వెలిగిస్తే నెలకు 7 యూనిట్ల చిల్లర. పదకొండో లైటు కలిపినా ఎనిమిది దాటదు. వెలుతురు మాత్రం కావలసిన చోటే పడుతుంది.

230 వోల్టులు

కరెంటు లైట్ల గురించి నాకున్న పెద్ద భయం వాన. మొదట పని చేసిన ఎలక్ట్రీషియన్ మామూలు ఇంటి వైరునే మట్టిలో పెట్టి, అతుకులకు నల్ల టేపు చుట్టి, పైన గులకరాళ్ళు పోసేశాడు. ఇనప స్తంభాలకు ఎర్తింగ్ ఇవ్వలేదు. ఆ వానాకాలంలో స్తంభాన్ని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. తవ్వి చూస్తే పందికొక్కు వైరు కొరికేసి ఉంది. పిల్లలు ఆడుకునే వాకిలి అది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మీటరు బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు ఎక్కడైనా నేలకు లీకైతే అది క్షణంలో లైను కొట్టేస్తుంది. బయటి లైట్లకు దాన్ని విడిగా పెట్టించండి. ఇంటి మొత్తానికీ ఒకటే పెడితే వానకు బయట ఏ చిన్న లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటవుతుంది, విసిగిపోయి ఎవరో ఒకరు దాన్ని తీసేయిస్తారు. అలా తీసేయించిన ఇళ్ళు నేను చూశాను.

వైరు నేలలో వెళ్ళాలంటే ఆర్మర్డ్ కేబుల్ (ఇనప తొడుగున్న కేబుల్) కావాలి, లేదా మందపాటి పైపులో వెయ్యాలి. లోతు రెండడుగులకు తగ్గకుండా చూసుకోవాలి. గునపం దిగే లోతు గుర్తుపెట్టుకుంటే చాలు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే 230 వోల్టుల లైట్లు గట్టివే. గేటు స్తంభాలకు, పోర్టికోకు, కారు పెట్టే చోటుకు వాటినే ఎంచుకోమంటాను. అక్కడ గోడ ఉంటుంది, గోడలో పైపు ఉంటుంది, నేల తవ్వే పని ఉండదు, వెలుతురు కూడా కాస్త ఎక్కువే కావాలి.

సోలార్

ఆ షాక్ తర్వాత వైర్లే వద్దనుకుని మట్టిలో గుచ్చే సోలార్ లైట్లు డజను కొన్నాను. మొదటి వారం ఇంట్లో అందరికీ ముచ్చటేసింది. ఆ తర్వాత మామిడి చెట్టు కింది నాలుగూ మొహం వేలాడేశాయి. అంగుళాల్లో ఉండే ఆ చిన్న ప్యానెల్‌కు పూర్తి ఎండ కావాలి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ దానికి దాదాపు ఎండే కాదు. మిగతావి వెలిగాయి, కానీ ఎప్పటిదాకా?

సోలార్ లైటుకు చీకటి పడగానే తనంతట తనే వెలిగే గుణం ఉంది. సాయంత్రం ఆరింటికి వెలిగిన లైటు ఆరేడు గంటల్లో బ్యాటరీ ఖాళీ చేసుకుని అర్ధరాత్రి దాటాక ఆరిపోతుంది. మరి మన ఇళ్ళలో వాకిట్లోకి మనిషి వచ్చేది ఎప్పుడు? సందె వేళ, మళ్ళీ తెల్లవారుజామున. పాలబ్బాయి వచ్చేదీ, కళ్ళాపి చల్లేదీ, ముగ్గు వేసేదీ నాలుగున్నర ఆరు మధ్యలోనే. ధనుర్మాసంలో మన వైపు రాత్రి దాదాపు 13 గంటలు. అన్నిటికన్నా పొడుగు రాత్రులు, అన్నిటికన్నా పెద్ద ముగ్గులు ఒకే నెలలో వస్తాయి. అమ్మ బయటికి వచ్చే వేళకు డజను లైట్లలో ఒక్కటీ వెలగలేదు. కొనేటప్పుడు నేను ఈ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

లెక్క వేస్తే తప్పు ప్యానెల్‌ది కాదని తెలుస్తుంది. రెండు వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు ఐదు గంటలు పూర్తిగా పనిచేసిందనుకుంటే 10 వాట్ అవర్లు. బ్యాటరీలో, సర్క్యూట్‌లో పోయేది పోగా ఆరేడు మిగులుతాయి. ఒక వాటు లైటు ఆరు గంటలు. ఆషాఢ, శ్రావణాల మబ్బుల్లో అది సగానికీ, ఇంకా కిందికీ పడుతుంది. పైగా మన రోడ్ల దుమ్ము. వారానికోసారి తడిగుడ్డతో ప్యానెల్ తుడిచే ఓపిక ఉన్నవాళ్ళకే సోలార్ పూర్తిగా పనిచేస్తుంది.

అయినా నేను సోలార్‌ను పక్కన పెట్టలేదు. ప్యానెల్ వేరుగా, లైటు వేరుగా ఉండి మధ్యలో వైరు ఉండే రకం తీసుకుని, ప్యానెల్‌ను డాబా మీద దక్షిణం వైపు వాల్చి పెట్టాం. దానికి మనిషి కదిలితే వెలిగే సెన్సార్ ఉంది. రాత్రంతా మినుకుమినుకుమంటూ, మనిషి రాగానే పూర్తిగా వెలుగుతుంది కాబట్టి బ్యాటరీ తెల్లారేదాకా నిలుస్తుంది. పెరట్లో పశువుల పాక దగ్గర ఇప్పుడు అదే. సెన్సార్‌కు ఒక బలహీనత ఉంది. అది మన ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా చూసి పనిచేస్తుంది. మే నెల ఉక్క రాత్రుల్లో ఆ తేడా తగ్గిపోయి, మనిషి బాగా దగ్గరికొచ్చేదాకా వెలగదు. బ్యాటరీ విషయానికొస్తే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మన ఎండలకు బాగా తట్టుకుంటుంది. గుచ్చే లైట్లలో ఉండే చిన్న నికెల్ సెల్లు ఒకటి రెండేళ్ళకే మార్చాల్సి వస్తాయి. సెల్లు మార్చడానికి వీలున్న లైటేనా అని కొనేముందు అడగండి.

తుపాను వచ్చినప్పుడు మాత్రం సోలార్ విలువ తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖ రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. కోస్తాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ గేటు దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి సోలార్ లైటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

24 వోల్టులు

చివరికి బాట వెంట నిలబడింది ఇదే. ఇంటి గోడకు, వాన తగలని చోట, ఒక చిన్న పెట్టెలో 230ని 24 వోల్టుల డీసీకి మార్చే ఎస్‌ఎంపీఎస్ పెడతారు. అక్కడి నుంచి బయటికి వెళ్ళేది 24 వోల్టులే. గునపం తగిలినా, పందికొక్కు కొరికినా లైటు ఆరుతుంది తప్ప మనిషికి ప్రాణం మీదికి రాదు. అయితే ఆ ఎస్‌ఎంపీఎస్ మంచి కంపెనీదై ఉండాలి. లోపల 230 వోల్టుల వైపూ 24 వోల్టుల వైపూ ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉన్న రకమే తీసుకోవాలి.

చాలామంది 12 వోల్టులతో చేస్తారు. దగ్గరి దూరాలకు బాగానే ఉంటుంది. మా బాట లాంటి పొడవుకు 24 మేలు, ఎందుకో చూడండి. 40 వాట్ల లోడుకు 12 వోల్టుల్లో 3.3 ఆంపియర్లు కావాలి. పాతిక మీటర్లు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే, పోనూ రానూ 50 మీటర్ల వైరు. లోడంతా చివర ఉందనుకుంటే దారిలోనే సుమారు 2 వోల్టులు పోతాయి. పన్నెండులో రెండంటే ఆరో వంతు. గేటు దగ్గరి లైట్లు నీరసంగా వెలుగుతాయి. అదే 24 వోల్టులైతే ఆంపియర్లు సగం అవుతాయి, పోయేది ఒక్క వోల్టు, అదీ ఇరవైనాలుగులో ఒకటి. 12 వోల్టులతోనే చెయ్యాలంటే 4 స్క్వేర్ ఎంఎం వైరు కొనాలి, దాని ధర తెలిసినవాళ్ళు 24 వైపే వస్తారు. లైట్లు మాత్రం 24 వోల్టులవే కొనాలి, 12 వోల్టుల లైటును దీనికి తగిలిస్తే మాడిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌కు ముందు ఒక డిజిటల్ టైమర్ పెట్టించాం. సాయంత్రం ఆరు నుంచి పది, మళ్ళీ తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు. మా ఇంటికి సోలార్ ఇవ్వలేనిది ఇదే. దీన్ని ఇన్వర్టర్ లైనులో కలిపాం, కరెంటు పోయినా 40 వాట్లు ఇన్వర్టర్‌కు బరువు కాదు.

తామర తొట్టి దగ్గర ఇంకో ఆలోచన అక్కర్లేదు. నీళ్ళలో పెట్టే లైటుకు 230 వోల్టులు వద్దే వద్దు. నీళ్ళలో మునిగి ఉండే లైటు మీద ఐపీ68 అని ఉండాలి. ఐపీ అంటే దుమ్మునూ నీళ్ళనూ లైటు ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు. బయట వానకు తడిసేవాటికి ఐపీ65 చాలు. వాన నీళ్ళు నిలిచే పల్లంలో, నేలలో పాతే లైట్లకు ఐపీ67 తీసుకోండి. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్ళకు దీనికి తోడు ఉప్పు గాలి. భీమిలిలో మా అక్క వాళ్ళింట్లో ఇనప లైట్లు రెండేళ్ళకే పొరలు పొరలుగా రాలిపోయాయి. అక్కడ ఇత్తడి, మంచి పూత ఉన్న అల్యూమినియం, లేదా పాలీకార్బొనేట్ నిలుస్తాయి.

తెలుపా, పసుపా?

ఏ కరెంటుతో వెలిగించినా లైటు రంగు ఎంచుకోవాలి. ఇందులో నా మాట ఒక్కటే, 2700 లేదా 3000 కెల్విన్ల (లైటు రంగును చెప్పే కొలత) పసుపు ఛాయ లైటు. మనం వాడే తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలం ఎల్‌ఈడీ. దాని మీది పసుపు ఫాస్ఫర్ పూతతో కలిసి అది తెల్లగా కనిపిస్తుంది. 6500 కెల్విన్ల చల్లని తెలుపులో నీలం ఎక్కువ మిగిలి ఉంటుంది, పురుగులను ఎక్కువగా లాగేది ఆ నీలమే. తొలకరి వానకు ఉసిళ్ళు లేచిన రాత్రి మా ఫ్లడ్ లైట్ల కింద అరుగంతా రెక్కలే. పురుగులకు కప్పలు వస్తాయి, కప్పలకోసం పాములు వస్తాయి. పాము భయంతో పెట్టిన తెల్ల లైటే పాముకు భోజనం వడ్డించినట్టవుతుంది. పసుపు లైటుకు పురుగులు అసలు రావని కాదు, బాగా తగ్గుతాయి.

చెట్లకు లైట్లు వెయ్యాలా అని అడిగేవాళ్ళున్నారు. మామిడి మొదలు దగ్గర కింది నుంచి పైకి ఒక స్పైక్ లైటు పెడితే పండక్కి చాలా బాగుంటుంది. మేం దానికి విడిగా స్విచ్ పెట్టి సంక్రాంతికి, పెళ్ళి చూపులకు, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేస్తాం. రోజూ వెయ్యం. మా వెనక కాలవ గట్టున వానాకాలంలో మిణుగురులు కనబడతాయి. అవి ఒకదాన్నొకటి పిలుచుకునేది ఆ వెలుగుతోనే, మన లైట్ల మధ్య ఆ పిలుపు కనబడదు. మల్లె పందిరి కింద కూడా లైటు వద్దంది అమ్మ. అక్కడ చీకట్లో మంచం వేసుకుని పడుకోవడం నాన్నకు ఇష్టం.

ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్ళు లైట్లు తర్వాత కొనుక్కున్నా ఫర్వాలేదు, పైపు మాత్రం ఇప్పుడే వేయించండి. బాటకు పేవర్ టైల్స్ పరిచే ముందు రోజు గేటు దాకా రెండు ఖాళీ పైపులు, బాటకు అడ్డంగా రెండు చోట్ల ఒక్కో పైపు. 24 వోల్టుల వైరు, గేటు లైటుకు వెళ్ళే 230 వైరు ఒకే పైపులో వెయ్యనివ్వకండి. తర్వాత కరెంటు వైరు లాగేందుకు పైపుల్లో బైండింగ్ వైరు దూర్చి రెండు కొసలూ బయటికి వదిలి, మూతులు మూయించండి. పూడ్చే ముందు పక్కన కొలత టేపు పరిచి, ప్రహరీ గోడ నుంచి దూరం కనబడేలా ఫొటోలు తీసుకోండి. మేం ఆ పని చెయ్యలేదు. అందుకే పరిచిన టైల్స్ మళ్ళీ ఊడదీయించాల్సి వచ్చింది, లైట్లన్నిటికన్నా ఆ కూలీకే ఎక్కువ అయింది.