రోడ్డు పని: పూర్తిగా మూసేయడమా, సగం తెరిచి ఉంచడమా, రాత్రిళ్లు చేయడమా – ఏది మేలు?

పెద్ద రోడ్డు మీద ఫ్లైఓవర్ కట్టాలన్నా, నాలా మీద కల్వర్టు మార్చాలన్నా, పాత రోడ్డు తవ్వి కొత్తది వేయాలన్నా ట్రాఫిక్‌ను ఏం చేయాలో ముందు తేలాలి. దారులు మూడున్నాయి. రోడ్డును కొన్నాళ్లు పూర్తిగా మూసి పని ముగించడం ఒకటి. బారికేడ్లు కట్టి సగంలో పని, సగంలో బండ్లు నడిపించడం రెండోది. పగలు వదిలేసి, రాత్రి పదకొండు దాటాక మాత్రమే పని చేయడం మూడోది.

ఎవరిని అడిగినా "మొత్తం మూస్తే ఎట్లా, సగమైనా వదలండి" అనే అంటారు. పైకి న్యాయంగానే వినిపిస్తుంది. నేను మాత్రం ఒప్పుకోను. పక్కదారి ఉన్న ప్రతిచోటా సగం తెరవడం కంటే పూర్తిగా మూయడమే మేలని నా అభిప్రాయం. సగం తెరిచిన రోడ్డు పని ఆలస్యాన్ని దాచేస్తుంది. రోడ్డు మొత్తం మూస్తే మర్నాటి నుంచే "ఎప్పుడు తెరుస్తారు?" అని ఊరంతా నిలదీస్తుంది. సగం మూస్తే ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. తిట్టుకుంటూనే అలవాటు పడిపోతారు.

హైదరాబాద్‌లో ఉప్పల్ చూడండి. రింగ్ రోడ్డు నుంచి నారపల్లి దాకా వరంగల్ హైవే మీద ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. పిల్లర్లు లేచాయి. తర్వాత ఏళ్ల తరబడి పైన శ్లాబు లేకుండా అలాగే నిలబడిపోయాయి. కింద రోడ్డు మాత్రం ఒక్కరోజూ మూతపడలేదనే చెప్పాలి, కానీ దాన్ని తెరిచిన రోడ్డు అనడానికి నోరు రాదు. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి జనం రోజూ పోయేది దాని మీదే. హన్మకొండ బస్సులు, యాదగిరిగుట్ట భక్తులు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు కదిలే బండ్లు కూడా అటే.

ఉదయం తొమ్మిదింటికి బారికేడ్ మొదలయ్యే చోట కాసేపు నిలబడితే సంగతి అర్థమవుతుంది. మూడు వరుసల్లో వచ్చిన బండ్లు అక్కడ ఒక్క వరుసలోకి దూరాలి. బస్టాప్ బారికేడ్‌కు అవతల ఉండిపోయింది కాబట్టి బస్సు ఆ ఒక్క వరుసలోనే ఆగుతుంది. దిగేవాళ్లు నేరుగా గుంతలో అడుగు పెడతారు. వెనక ఆటోవాడు హారన్ మీద చేయి తీయడు. బైకులు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అటు తిరిగి రావాల్సిన యూ-టర్న్ కిలోమీటరు దూరం జరిగిపోతే రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాళ్లు మొదలవుతారు. పక్కన టిఫిన్ సెంటర్‌లో చట్నీ గిన్నె మీద పళ్లెం బోర్లించి, ప్రతి ప్లేటుకూ దాన్ని ఎత్తి దించుతూ ఉంటారు, లేకపోతే ఆ దుమ్మంతా చట్నీలోనే. రోడ్డు తెరిచే ఉంది కాబట్టి ఆ హోటల్‌కు పరిహారం అడిగే దారి కూడా లేదు.

ఇంత ఆలస్యానికి సగం మూయడమే కారణమని నేననడం లేదు. భూసేకరణ, నేల కింద నీటి పైపులు, డ్రైనేజీ లైన్లు, కరెంటు కేబుళ్లు జరపడం, కాంట్రాక్టు చిక్కులు, అసలు కారణాలు ఇవి. అంబర్‌పేటలో ఒకటిన్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కూ 2018లోనే శంకుస్థాపన చేశారు. అది అందుబాటులోకి వచ్చింది 2025లో. అక్కడ ప్రధానంగా అడ్డుపడింది భూసేకరణే. అయితే స్థలం చేతికి రాకముందే బారికేడ్లు ఎందుకు దిగాయి? సగం మూయడానికి పెద్దగా ఎవరి అనుమతీ, ఎవరి ధైర్యమూ అక్కర్లేదు కనుక. పూర్తిగా మూయాలంటే తేదీ చెప్పాలి. తేదీ చెప్పాలంటే అన్నీ సిద్ధంగా ఉండాలి. నాకు నచ్చేది ఆ ఒత్తిడే.

సగం రోడ్డులో పని చేయడం పనివాళ్లకూ కష్టమే. క్రేన్ తిప్పుకోవడానికి జాగా ఉండదు. కాంక్రీట్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే తెచ్చిన మాల్ గట్టిపడిపోతుంది. ఇటువైపు అయ్యాక బారికేడ్లు అటు మార్చి మళ్లీ మొదలుపెట్టాలి, మధ్యలో అతుకు మిగులుతుంది. వానాకాలంలో ఆ అతుకు దగ్గరే రోడ్డు మొదట పగులుతుంది. నడుముకు పట్టీ కట్టుకుని పని చేసే కూలీకి, దూసుకుపోయే టిప్పర్‌కు మధ్య ఒక రేకు మాత్రమే ఉంటుంది. ఆ మాట తలచుకుంటేనే నాకు బాధేస్తుంది.

పూర్తిగా మూసి గెలిచిన ఊళ్లు ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లో 405 ఫ్రీవే మీద రోజూ తిరిగే మనవాళ్లు చాలామందే. 2011 జూలైలో దాని మీదుగా పోయే ముల్‌హాలండ్ వంతెన సగభాగం కూల్చడానికి, పది మైళ్ల మేర ఆ ఫ్రీవేను శుక్రవారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా, 53 గంటలు మూస్తామన్నారు. ఊరు స్తంభించిపోతుందని అంతా భయపడ్డారు. ముందునుంచీ చాటింపు వేయడంతో జనం ఆ రెండు రోజులు కారు తీయలేదు. చెప్పిన గడువుకు 17 గంటల ముందే, ఆదివారం మధ్యాహ్నం లోపలే రోడ్డు తెరిచారు. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో మిగతా సగం కూడా అలాగే చేశారు.

ఓడిన ఊరు కూడా ఉంది, దాన్ని దాచను. ముంబయి అంధేరీలో గోఖలే వంతెన ప్రమాదకరంగా ఉందని 2022 నవంబర్ 7న పూర్తిగా మూశారు. అప్పటికి కొత్త వంతెన గర్డర్లు, అంటే దాన్ని మోసే ఉక్కు దూలాలు, సిద్ధంగా లేవు. ఒకవైపు తెరవడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. తెరిచి చూస్తే పక్కనున్న బర్ఫీవాలా ఫ్లైఓవర్‌తో కలవాల్సిన చోట ఒకటిన్నర మీటరుకు పైగా ఎత్తు తేడా! రెండో వైపు కూడా పూర్తయింది 2025 మేలో. ప్రాణాలకు ముప్పున్నప్పుడు మూయక తప్పదు, అందులో తప్పు పట్టలేం. కానీ మామూలు పనికి ఇది హెచ్చరిక. ఇనుము యార్డులోకి వచ్చాకే బారికేడ్ రోడ్డు మీదికి రావాలి.

పూర్తిగా మూస్తే నష్టపోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆ వీధిలో దుకాణాలవాళ్లు, అక్కడి అడ్డా ఆటోలవాళ్లు, నడిచి ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు. కాబట్టి బండ్లకు మూసినా మనుషులకు మూయకూడదు. ఒక పక్కన గట్టి నేల మీద నాలుగడుగుల నడకదారి, అంబులెన్స్‌కు ఒక తోవ తప్పనిసరి. కాలనీల్లోంచి డైవర్షన్ ఇస్తే ముందు ఆ కాలనీ రోడ్ల గుంతలు పూడ్చి, స్పీడ్ బ్రేకర్లకు రంగు వేసి, బడి ఉన్న వీధిలోకి లారీలు రాకుండా అడ్డం పెట్టాలి. మన దగ్గర పక్కదారిని బాగుచేయడం ఎప్పుడూ చివరికే మిగిలిపోతుంది.

ఇక రాత్రి పని. దీనికి మంచి పేరుంది, కొంతవరకు ఆ పేరు నిజమే. హైదరాబాద్ మెట్రో వయాడక్ట్ సెగ్మెంట్లను, అంటే పిల్లర్ల మీద నిలిచే పట్టాల వంతెన ముక్కలను, ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, ట్రెయిలర్ల మీద రాత్రిళ్లు తెచ్చి పైకెత్తి బిగించారు. మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు 2017 నవంబర్‌లో మొదలయ్యాయంటే ఆ పద్ధతి పాత్ర చాలా ఉంది. కానీ అదే మెట్రోకు పునాదులు తవ్విన రోజుల్లో రోడ్డు మధ్య భాగం పగలూ రాత్రీ మూసే ఉంది. తవ్విన గొయ్యిని తెల్లవారేసరికి పూడ్చి, మళ్లీ రాత్రికి తవ్వలేరు కదా.

తారు పనికి రాత్రిని మించింది లేదు. మిల్లింగ్ మెషీన్‌తో పైపొర గీకేసి, వేడి మాల్ పరిచి, రోలర్ తొక్కితే, అది చల్లారిన కొద్ది గంటల్లో బండ్లు వదలొచ్చు. కాంక్రీట్ అలా వినదు, పూర్తి బలానికి 28 రోజులు కావాలి. బెంగళూరులో వైట్ టాపింగ్ పేరుతో తారు మీద కాంక్రీట్ పరుస్తుంటే వారాల తరబడి ఒక్కో వైపు మూతపడేది అందుకే. మన కాలనీల్లో సీసీ రోడ్డు పోసి, మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెడతారే, రెండో రాత్రికే ఎవరో గట్టు తొక్కుకుంటూ బైకు నడిపేస్తారు. ఆ టైరు గాడి రోడ్డు ఉన్నన్నాళ్లూ ఉండిపోతుంది. సగం మూసిన చోట ఇది మరీ ఎక్కువ. రాత్రి పనిలో ఇంకో చిక్కు, ఇళ్ల మధ్య నిద్రలు పాడవుతాయి. ఐటీ కారిడార్‌లో రాత్రి షిఫ్టులు ఉంటాయి కాబట్టి గచ్చిబౌలి వైపు రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉండదు కూడా.

మూడింటికీ బయట ఒక మార్గముంది, రోడ్డు మీద చేసే పనినే తగ్గించుకోవడం. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన అలాంటిదే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అది మెట్రో లైను కంటే పైనుంచి పోతుంది. అంత ఇరుకు చోట సెంట్రింగ్ కట్టి శ్లాబు పోయాలంటే కింద సగం రోడ్డును నెలల తరబడి ఆక్రమించాల్సి వచ్చేది. ఉక్కు భాగాలను వేరేచోట తయారుచేసి తెచ్చి నిలబెట్టారు. ఖర్చు ఎక్కువే. అయినా కిక్కిరిసిన కూడళ్లలో ఆ అదనపు ఖర్చు పెట్టదగిందే.

నా తీర్పు ఇది. తారు పొర వేయడానికి, గర్డర్లు ఎత్తడానికి రాత్రి మేలు. నాలా కల్వర్టు, పాత వంతెన కూల్చడం, సీసీ రోడ్డు, వీటికి పూర్తిగా మూయడం మేలు. వరంగల్ హైవే లాంటి, సరైన పక్కదారే లేని రోడ్లకు సగం మూయక తప్పదు. అయితే అలాంటి చోట మొదటి పిల్లర్‌కు గొయ్యి తీయకముందే రెండు పక్కలా సర్వీస్ రోడ్డు తారుతో పూర్తవ్వాలి. బస్టాపులు దాని మీదికి మారాలి. మొత్తం ఆరు కిలోమీటర్లు ఒకేసారి బారికేడ్ చేయకుండా కిలోమీటరు చొప్పున మూసి, అది తెరిచాకే ముందుకు పోవాలి.

మూసే రోజులు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. జూన్‌లో వానలు పడితే తవ్విన గొయ్యి చెరువవుతుంది. ఆ తర్వాత బోనాలు, వినాయక నిమజ్జనం, ఆ రోజుల్లో ఏ రోడ్డునూ ముట్టుకోలేరు. మనకు దొరికేది వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో బడులు మూసిన వెంటనే రోడ్డు మూసి, జూన్ రెండో వారంలో బడి బస్సులు కదిలేలోగా తెరవాలి. ఎండ దెబ్బకు కూలీలు పడిపోకుండా మధ్యాహ్నం పని ఆపి, పొద్దున్నే, సాయంత్రం చేయించుకోవాలి. ఆ ఏడు వారాల్లో పని తెమలాలంటే పైపులు, కేబుళ్లు సంక్రాంతి లోపే జరిగిపోయి ఉండాలి.