అంపారితో రోకానా, ఎస్పాన్యా కాన్యీనా: ముందు ఏది వినాలి?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. న్యూజెర్సీలో స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. మూడు నెలలుగా మా ఇంట్లో ఒకటే మోత, ‘అంపారితో రోకా’ అనే స్పానిష్ బ్యాండ్ రచన. నేను పోపు పెడుతున్నా అదే, లాండ్రీ మడతపెడుతున్నా అదే. ఒక శనివారం మా ఆడపడుచు వచ్చి కాసేపు విని, “స్పానిష్ బ్యాండ్ అంటే అది కాదు వదినా, ‘ఎస్పాన్యా కాన్యీ’ విను” అంది. తను రెండేళ్లుగా బాల్‌రూమ్ డాన్స్ నేర్చుకుంటోంది. ఆ మాటకు నాకూ పట్టుదల వచ్చింది. రెండూ పదేపదే విన్నాను, వాటిని రాసిన ఇద్దరి గురించీ చదివాను.

రెండూ పాసోదోబ్లేలే, అంటే స్పెయిన్ బ్యాండ్ల కవాతు సంగీతం. ఆ మాటకు జంట అడుగు అని అర్థం. నిమిషానికి సుమారు 120 అడుగుల చొప్పున సైన్యం కవాతు చేసే వేగం అది. పుట్టింది కవాతులోనైనా, తర్వాత ఎద్దుల పోరు జరిగే మైదానాలకు, ఊరి పండగలకు, డాన్స్ హాళ్లకు పాకింది. వాయించేది బ్యాండ్. మనకు బ్యాండ్ అనగానే పెళ్లి ఊరేగింపు కళ్ల ముందుకొస్తుంది గానీ, స్పెయిన్‌లో అది ఊరి ఆస్తి లాంటిది. ఒక్క వాలెన్సియా ప్రాంతంలోనే అయిదువందలకు పైగా బ్యాండ్ సంఘాలున్నాయి. లీరియా, బున్యోల్ లాంటి చిన్న ఊళ్లలో రెండేసి పెద్ద బ్యాండ్లు, వాటి మధ్య తరాల నాటి పోటీ. వాలెన్సియా నగరంలో జరిగే బ్యాండ్ల పోటీ 1886లో మొదలైంది. చాలాకాలం దాన్ని ఎద్దుల పోరు మైదానంలోనే పెట్టేవారు.

‘అంపారితో రోకా’ రాసిన హైమే టెక్సిదోర్ సరిగ్గా ఈ లోకం మనిషి. 1884లో బార్సిలోనాలో పుట్టాడు. శాక్సఫోన్, స్వరరచన, బ్యాండ్ నడపడం అక్కడే నేర్చుకుని, 1906లో సైన్యంలో వాద్యకారుడిగా చేరాడు. తర్వాత వాలెన్సియా వైపు వచ్చి, కార్లెట్ అనే చిన్న ఊళ్లో పిల్లలకు పియానో పాఠాలు కూడా చెప్పాడు. వాళ్లలో పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది, పేరు అంపారితో రోకా. 1925లో రాసిన పాసోదోబ్లేకి ఆయన ఆ పేరే పెట్టాడు. ఆ సెప్టెంబర్‌లో కార్లెట్‌లోనే ఎల్ సీగ్లో అనే థియేటర్‌లో దాన్ని తొలిసారి వాయించారు. మా అమ్మాయికి ఈ సంగతి చెబితే, “అంటే నా అంత పిల్ల పేరా!” అని కాగితం మీద ఆ పేరును కొత్తగా చూసుకుంది. మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది ఆ క్షణమే. రాణి పేరు కాదు, యుద్ధం పేరు కాదు, పియానో నేర్చుకునే పిల్ల పేరు.

1920ల చివర టెక్సిదోర్ ఉత్తరాన బిల్బావో పక్కనున్న బరకాల్దోకి వెళ్లి, అక్కడి పురపాలక బ్యాండ్‌కు డైరెక్టర్ అయ్యాడు. అది ఉక్కు కొలిముల ఊరు. 1936లో అంతర్యుద్ధం వచ్చేదాకా ఆ బ్యాండ్ ఆయన చేతిలోనే ఉంది. స్వరాలు అచ్చువేసే వ్యాపారం కూడా పెట్టుకున్నాడు. 500కు పైగా రచనలు చేశాడంటారు. 1957లో ఆ ఊళ్లోనే పోయాడు. అన్ని రచనల్లో ప్రపంచానికి తెలిసింది మాత్రం ఒక్కటే. అది కూడా 1935లో లండన్‌లోని బూసీ అండ్ హాక్స్ సంస్థ, ఆబ్రీ వింటర్ సవరించిన ప్రతిని అచ్చువేశాకే సముద్రాలు దాటింది. ఇంగ్లిష్ బ్యాండ్లు దాన్ని ఎంత సొంతం చేసుకున్నాయంటే, అసలు రాసింది ఒక బ్రిటిష్ బ్యాండ్‌మాస్టర్ అనే మాట కూడా పుట్టింది. కార్లెట్‌లో తొలిసారి మోగేనాటికి ఆ బ్రిటిషర్‌కు నిండా ఇరవై ఏళ్లు లేవు. నేనైతే ఆ మాట నమ్మను.

‘ఎస్పాన్యా కాన్యీ’ రాసిన పాస్కువాల్ మార్కీనా ఆయనకంటే పదకొండేళ్లు పెద్ద. 1873లో అరగాన్ ప్రాంతంలోని కలతాయూద్‌లో పుట్టి, 1948లో మాడ్రిడ్‌లో పోయాడు. సైనిక బ్యాండ్లు నడిపాడు, సార్సువేలాలు రాశాడు. సార్సువేలా అంటే మాటలూ పాటలూ కలిసిన స్పానిష్ రంగస్థల నాటకం. మన పద్యనాటకాలు చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు. కాన్యీ అంటే జిప్సీల భాషలో జిప్సీ. ఇంగ్లిష్‌లో కూడా దీన్ని ‘స్పానిష్ జిప్సీ డాన్స్’ అనే పేరుతో అమ్మారు. ఇది కూడా 1920ల నాటిదే.

ఇక చెవికి. ‘ఎస్పాన్యా కాన్యీ’ మొదలవగానే, పేరు తెలియనివాళ్లు కూడా “ఇది విన్నామే!” అంటారు. స్పెయిన్ అని చెప్పడానికి సినిమాల్లో, కార్టూన్లలో వాడే సంగీతం ఇలాగే ఉంటుంది. ఆ ఎత్తుగడలో ఉన్నది ఫ్రీజియన్ అనే పాశ్చాత్య స్వరక్రమం. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు లెక్కవేస్తే హనుమతోడి స్వరాలు వస్తాయి. గమకం లేదు కాబట్టి తోడి అనిపించదు, అది వేరే సంగతి. మొదటి అరనిమిషంలోనే అది మనల్ని పట్టేస్తుంది. నాలుగోసారి వినేసరికి మాత్రం ఆ పట్టు సడలింది. ఎత్తుగడ మీద అంత ఖర్చుపెట్టిన రచనలో, మిగతా భాగం దాని కింద కాస్త చిన్నబోయినట్టు అనిపించింది నాకు.

‘అంపారితో రోకా’ అలా కాదు. అక్కడా మొదట్లో గట్టి పిలుపు ఉంది. కానీ వెంటనే గొంతు తగ్గించి మాట్లాడుతుంది, మళ్లీ అందరూ కలిసి అందుకుంటారు. క్లారినెట్‌లకు గబగబా తిరిగే వేలిపని, కింది ఇత్తడి వాద్యాలకు అడుగు తప్పని దరువు. పదిసార్లు విన్నాక కూడా, ఇంతకుముందు చెవిన పడని వాద్యం ఒకటి వినిపిస్తూనే ఉంది. రోజూ బ్యాండ్ ముందు నిలబడి, ఎవరికి ఏ పని ఇవ్వాలో తెలిసినవాడు రాసిన రచన అది. సులువు చేసిన ప్రతులు కూడా దొరుకుతాయి కాబట్టి పిల్లల బ్యాండ్లకు బాగా సరిపోతుంది.

డాన్స్ సంగతికొస్తే మా ఆడపడుచుదే పైచేయి, ఒప్పుకోవాలి. బాల్‌రూమ్ పోటీల్లో పాసోదోబ్లే అంటే దాదాపు ‘ఎస్పాన్యా కాన్యీ’యే. అందులో మూడుచోట్ల సంగీతం పతాకస్థాయికి చేరి ఠక్కున ఆగుతుంది. సరిగ్గా అక్కడ జోడీ శిలల్లా నిలబడాలి. తను మా హాల్లో సోఫా జరిపి మరీ చూపించింది. “నీ అంపారితోలో ఎక్కడ నిలబడాలి చెప్పు?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఎద్దుల పోరు కోసమే రాసింది కావాలంటే ఈ రెండూ కాదు, సాంతియాగో లోపే రాసిన ‘గాయీతో’ వినాలి. 1903లో ఏర్పడిన వాలెన్సియా పురపాలక బ్యాండ్‌కు ఆయనే తొలి డైరెక్టర్. 1906లో, ముప్పై అయిదేళ్లకే పోయాడు. ఆ పోరు నాకు చూడబుద్ధి కాదు గానీ సంగీతం మాత్రం బాగుంటుంది. మాడ్రిడ్‌లోని లాస్ వెంతాస్ మైదానంలో మటాడోర్, అంటే పోరాడేవాడు, ఎద్దును ఆడిస్తున్నంతసేపూ బ్యాండ్ మోగకూడదనే ఆనవాయితీ ఉంది. మిగతా చాలా ఊళ్లలో మటాడోర్ బాగా ఆడుతున్నాడనిపిస్తే అప్పుడే బ్యాండ్ ఎత్తుకుంటుంది.

డాన్స్ కోసమైతే, లేదా ఒక్కసారే విని వదిలేసేవాళ్లయితే మార్కీనాది వినండి. బ్యాండ్ అంటే ఏమిటో తెలుసుకోవాలన్నా, ఇంట్లో వాయించే పిల్లలున్నా టెక్సిదోర్‌తోనే మొదలుపెట్టండి, అదీ మంచి హెడ్‌ఫోన్స్‌తో. ఫోన్ స్పీకర్‌లో కింది వాద్యాలు సరిగా వినపడవు, సగం రచన పోతుంది.

మే నెలలో మా అమ్మాయి కచేరీ ఉంది. మేనత్త కూడా వస్తానంది, చివర సీటు పట్టమని చెప్పింది. కూర్చుని వినడం తన వల్ల కాదట.