చీటీ పాటా, సంఘం అప్పా, ఊరి ముందు చెప్పుకోవడమా: చిన్న వ్యాపారానికి ఏది మేలు?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఏదైనా మొదలుపెడదామనుకునే మన తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది చీటీ, తర్వాత మహిళా సంఘం అప్పు. మూడో దారి కూడా ఉంది. పదిమందినీ భోజనానికి పిలిచి, ఆలోచనలు చెప్పించి, వచ్చినవాళ్లు వేసిన డబ్బు గెలిచినవాళ్లకి ఇచ్చేయడం. అమెరికాలోని డెట్రాయిట్‌లో 2010లో మొదలైన ‘డెట్రాయిట్ సూప్’ పద్ధతి ఇదే. మొదలైనప్పుడు 5 డాలర్లు ఇస్తే భోజనమూ, ఓటూ. నలుగురు తలో 4 నిమిషాలు చెబుతారు, జనం ప్రశ్నలడుగుతారు, తిన్నాక ఓటేస్తారు. ఆ రాత్రి పోగైన డబ్బంతా గెలిచినవాళ్లదే. తిరిగి కట్టక్కర్లేదు.

మా వదిన చోడిపిండి (రాగిపిండి) జంతికల కోసం చీటీనే నమ్ముకుంది. 20 మంది, నెలకి 1,000. డబ్బు వెంటనే కావాలి కాబట్టి రెండో నెలలోనే 5,000 వదులుకుని పాడింది. చేతికి 15,000 వచ్చాయి, గ్రైండర్ కొంది. వానాకాలంలో జంతికలు మెత్తబడి కొట్లవాళ్లు వెనక్కి పంపేశారు. అమ్మకం ఆగింది గానీ వాయిదా ఆగలేదు. అవసరం ఎంత తొందరైతే అంత ఎక్కువ వదులుకోవాలి, చీటీతో చిక్కే అది. నడుస్తున్న కొట్టుకి పండగ సరుకు తెచ్చుకోవడానికైతే సరే, ఇంకా అమ్మి చూడని సరుకు మీద చీటీ పాడొద్దని నా మాట.

ఆ టెన్షన్ చూశాకే మా వీధిలో ఊరి భోజనం పెట్టాం. 40 మంది, తలా 100. బియ్యం, కూరలు ఇరుగుపొరుగు ఇచ్చారు, దాల్మా (కూరగాయలేసిన ఒడియా పప్పు) మేం వండాం. చెప్పడానికి వచ్చిన ముగ్గురిలో ఒకాయన పశువుల కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేస్తాడు. మైకు పట్టుకోగానే గొంతు తడారిపోయింది. ఇక మాట్లాడకుండా సంచిలోంచి సగం రుద్దిన కొంగబొమ్మ తీసి ముందు వరుస వాళ్లకిచ్చాడు. ఒక పక్క గరుకు, రెండో పక్క అద్దంలా నునుపు. అది చేతులు మారుతుంటే, "ఈ మెరుపు చేత్తో తేవాలంటే రోజు పడుతుందండీ, మోటారుంటే గంట" అన్నాడు. వెనకనుంచి ఒకావిడ ఒడియాలో దువ్వెన ధర అడిగింది, ఈయన తెలుగులో చెప్పాడు. ఇద్దరికీ అర్థమైంది. 4,000 ఆయనకే వచ్చాయి. మోటారుకి అవి చాలలేదు, మిగతాది తనే వేసుకున్నాడు. కానీ ఆ రాత్రే రెండు దువ్వెనలకి ఆర్డర్ వచ్చింది. డబ్బుతోపాటు కొనేవాళ్లనీ ఇచ్చే అప్పు నేనెక్కడా చూడలేదు.

అలాగని 4,000తో పిండిమర పెట్టలేం. పెద్ద యంత్రం కావాలంటే సంఘమో, బ్యాంకో తప్పదు. చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే కేంద్రం ముద్ర పథకంలో శిశు రుణం 50,000 వరకు, పూచీకత్తు లేకుండానే ఇస్తారు. తిండి సరుకులు తయారుచేసే చిన్న యూనిట్లకి కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ పెట్టారు, గరిష్ఠంగా 10 లక్షలు. ఇవి మంచివే. కాకపోతే కాగితాల పని ఎక్కువ. మా వీధిలో ఒడియా గడగడా మాట్లాడి, చదవలేనివాళ్లు చాలామంది. ఫారం నింపడానికి ఎవరో ఒకరి ఇంటి చుట్టూ తిరగాలి.

అందుకే ఎవరడిగినా నేను వరస ఇలా చెబుతాను. సరుకు ఇంకా పరీక్షలోనే ఉండి, కావలసింది పదివేలలోపైతే ముందు ఊరి భోజనం. నాలుగు నెలలు అమ్మి చూశాక, లెక్క పుస్తకం చేతిలో ఉన్నప్పుడు సంఘం, బ్యాంకు. ఊరి భోజనంలో ఓటు మాత్రం చీటీముక్క మీదే రాయించాలి. చేతులెత్తమంటే మన ఊళ్లలో బంధుత్వం చూసే చేయి లేస్తుంది. మాట్లాడటం రానివాళ్లకి సరుకు చూపించే వీలూ ఉండాలి.

వచ్చేసారికి వదిన పేరు రాయించాను. ప్యాకెట్లు సీలు చేసే మిషన్ అడుగుతుందట. పది రోజుల కింద కట్టిన జంతికలు అందరి ముందూ విప్పి, కరకరలాడుతున్నాయో లేదో తినే చెప్పమంటుందట.